వరి, ఆయిల్‌పామ్: ఎకరా నీళ్లు నాలుగెకరాలకు సరిపోతాయా?

ఆయిల్‌పామ్ మీద ఏ రైతు సభ పెట్టినా ఒక మాట వినిపిస్తుంది: "ఎకరం వరికి పెట్టే నీళ్లతో నాలుగెకరాల ఆయిల్‌పామ్ పండుతుంది." సభ ముగిశాక టీ కొట్టు దగ్గర దానికి పూర్తిగా ఎదురు మాట వినిపిస్తుంది: "అది నీళ్లు తాగే రాక్షసి, బోర్లు ఎండగొడుతుంది." రెండు మాటల వెనకా లెక్క ఉంది. ఒకరు రోజు లెక్క చెబుతున్నారు, ఇంకొకరు ఏడాది లెక్క చెబుతున్నారు. చిక్కంతా అక్కడే.

ఈ పోలిక ఊరికే మొదలవలేదు. 2021లో కేంద్రం ఉప్పుడు బియ్యం తీసుకోబోమని చెప్పడంతో తెలంగాణలో యాసంగి (రబీ) వరి వద్దన్న ప్రచారం జోరందుకుంది. యాసంగి వడ్లు ముదురు ఎండల్లో కోతకొస్తాయి. పచ్చిబియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది కాబట్టి మిల్లర్లు వాటిని ఉడకబెట్టి ఆడిస్తారు, అదే ఉప్పుడు బియ్యం. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం రూ. 11,040 కోట్లతో వంటనూనెల జాతీయ మిషన్‌ను ఆయిల్‌పామ్ కోసం ఆమోదించింది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే, అందులో పెద్ద వాటా పామాయిల్‌దే. ఒకవైపు అమ్ముడుపోని బియ్యం, ఇంకోవైపు కొనుక్కోక తప్పని నూనె. వరి మడిలో ఆయిల్‌పామ్ మొక్క పెట్టమనే సలహా అలా పుట్టింది.

ఒకటి గడ్డి, ఇంకొకటి కొబ్బరికి చుట్టం

వరి గడ్డి జాతి మొక్క. ఎంటీయూ 1010 లాంటి స్వల్పకాలిక రకం 120 రోజుల్లో, సాంబ మసూరి 145–150 రోజుల్లో కోతకొస్తుంది. ఆయిల్‌పామ్ పశ్చిమ ఆఫ్రికా చెట్టు, కొబ్బరి కుటుంబానిది. 12–14 నెలలు నర్సరీలో పెరిగిన మొక్కను నాటితే నాలుగో ఏట గెలలు కోతకొస్తాయి. 25–30 ఏళ్లు కాస్తుంది. త్రిభుజాకారంలో మొక్కకీ మొక్కకీ 9 మీటర్ల దూరం పెడితే ఎకరాకు 57 మొక్కలు పడతాయి.

నీళ్ల విషయంలో రెండింటి తేడా వేరులోనే ఉంది. వరి వేరులో గాలి గొట్టాలుంటాయి. ఆకు పీల్చిన గాలి వాటి గుండా వేరు కొస దాకా దిగుతుంది కాబట్టి నిలవ నీటిలోనూ వేరు కుళ్లదు. అలాగని వరికి నిలవ నీరు తప్పనిసరి కాదు. నీరు నిలబెట్టేది ప్రధానంగా కలుపును అణచడానికే. మడిని ఆరబెడుతూ తడుపుతూ పండించవచ్చు. ఆయిల్‌పామ్ పీచువేర్లలో ఎక్కువ భాగం పైనున్న రెండు మూడు అడుగుల మట్టిలోనే పరుచుకుంటాయి. వాటికి తేమ ఎప్పుడూ కావాలి, నీరు మాత్రం నిలవకూడదు.

ఏళ్ల తరబడి దమ్ము చేసిన వరి మడిలో నాటితే వచ్చే మొదటి ఇబ్బంది ఇదే. దమ్ము చేసే ఉద్దేశమే నీరు కిందికి దిగకుండా మట్టిని నీటిలో కలియదున్ని కింద గట్టి పొర కట్టించడం. రెండడుగుల గుంత తవ్వి మొక్క పెడితే ఆ గుంత వానాకాలంలో చిన్న నీళ్ల తొట్టి అవుతుంది. గట్టి పొరను చీల్చి, మురుగు కాలువలు తీసిన మడిలో మొక్క నిలదొక్కుకుంటుంది. నీరు దిగని నల్లరేగడిలో ఎంత చేసినా ఫలితం అంతంతే.

నీటి లెక్క: రోజుకా, ఏడాదికా?

వరికి ఒక పంటకాలంలో సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలంటారు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. ఆ లెక్కన ఒక పంటకు 48.6 లక్షల లీటర్లు. 120 రోజులకు పంచితే రోజుకు 40 వేల పైచిలుకు.

ఎదిగిన ఆయిల్‌పామ్ చెట్టుకు డ్రిప్పుతో రోజుకు 150–200 లీటర్లు, ఎండాకాలంలో 250–300 లీటర్లు ఇవ్వాలని సిఫారసు. 200 లీటర్ల చొప్పున 57 చెట్లకు 11,400 లీటర్లు. నలభై వేలను దీనితో భాగిస్తే మూడున్నర వస్తుంది. "నాలుగెకరాలు" అన్న మాట పుట్టింది ఈ భాగహారంలోనే. రోజు లెక్కగా అది నిజమే.

అయితే వరి నాలుగు నెలలకే సెలవు తీసుకుంటుంది. చెట్టు తీసుకోదు. వానలు బాగా పడే నెలలు పోను ఏడాదిలో 250 రోజులు నీళ్లు పెట్టాలనుకుందాం. అందులో ఎండాకాలం 90 రోజులు 300 లీటర్ల చొప్పున 15.4 లక్షల లీటర్లు. మిగతా 160 రోజులు 200 లీటర్ల చొప్పున 18.2 లక్షలు. మొత్తం దాదాపు 33.6 లక్షల లీటర్లు.

ఇప్పుడు మూడు పొలాలు తీసుకుందాం. మొదటిదాంట్లో ఏడాదికి రెండు కార్లు, అంటే రెండు పంటలు, వరి. యాసంగి నీరంతా పెట్టిందే, వానాకాలం నీటిలో సగం వానే ఇచ్చిందనుకుంటే ఏడాదికి 72.9 లక్షల లీటర్లు. ఆ నీటితో రెండెకరాల పైచిలుకు ఆయిల్‌పామ్ తడుస్తుంది. రెండో పొలంలో యాసంగి వరి ఒక్కటే, 48.6 లక్షలు. దానితో తడిసేది ఎకరంన్నర. మూడో పొలం వానాకాలం ఒక్క కారే, పెట్టే నీరు 24 లక్షల చిల్లర. ఇక్కడ ఆయిల్‌పామ్ వేస్తే నీటి ఖర్చు తగ్గకపోగా పెరుగుతుంది. నాలుగెకరాల లెక్క ఈ మూడింటిలో ఏ పొలంలోనూ నిలబడదు. రాక్షసి అన్న నిందకూ మొదటి రెండు పొలాల్లో ఆధారం లేదు.

ఇంకో మెలిక ఉంది. వరి మడిలో పెట్టిన నీరంతా వరి తాగదు. చాలా భాగం భూమిలోకి ఇంకి పక్క బోర్లకో, దిగువ మడులకో చేరుతుంది. డ్రిప్పులో ఇంకేది తక్కువ, చెట్టు ఆకుల గుండా గాలిలోకి పోయేది ఎక్కువ. కాలువ కింద పొలంలో ఈ తేడా పెద్దగా కనబడదు. కాలువ లేని మెట్టలో, నీరంతా బోరు నుంచే రావాల్సిన చోట తేడా చాలా పెద్దది.

మే నెల బోరు

చెట్టుకు అన్నిటికన్నా ఎక్కువ నీరు కావాల్సింది బోరు అన్నిటికన్నా తక్కువ పోసే నెలలోనే. అందుకే తోటకు సరిపోయే నీరు ఉందా లేదా అన్నది డిసెంబరులో బోరు చూస్తే తేలదు.

గంటకు 6,000 లీటర్లు పోసే బోరు ఉందనుకుందాం. వ్యవసాయానికి 9 గంటల కరెంటు వచ్చే చోట అది రోజుకు 54,000 లీటర్లు తోడుతుంది. ఎండాకాలంలో ఎకరాకు 17,100 లీటర్లు కావాలి కాబట్టి ఆ బోరు కింద మూడెకరాలకు మించి తోట నిలవదు. అదే బోరు మేలో గంటకు 4,000 లీటర్లకు పడిపోతే రెండెకరాలే. శీతాకాలం పోత చూసి ఐదెకరాలు పెట్టినవాళ్లకు మొదటి మూడేళ్లు ఇబ్బంది తెలియదు. చిన్న మొక్క నీటి అవసరం ఇందులో చిన్న వంతే. చెట్లు ఎదిగి గెల మొదలయ్యాకే కొరత బయటపడుతుంది.

ఈ వేసవి ఎండకు దెబ్బ తగిలేది ఎప్పుడో

వరి దెబ్బ తింటే దాచుకోదు. పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి గింజ తాలు పోతుంది. రెండు మూడు వారాల్లో వెన్ను పట్టుకు చూస్తే తెలిసిపోతుంది.

ఆయిల్‌పామ్ అలా కాదు. ఎదిగిన చెట్టు నెలకు దాదాపు రెండు మట్టలు వేస్తుంది. ప్రతి మట్ట మొదట్లో ఒక పూగుత్తి పుడుతుంది. అది ఆడదా మగదా అన్నది గెల కోతకు దాదాపు రెండేళ్ల ముందే, చెట్టు నడినెత్తిన ఉండే లేత మొవ్వు లోపలే తేలిపోతుంది. ఆ సమయంలో చెట్టుకు నీరు చాలకపోతే మగ గుత్తులు ఎక్కువ వస్తాయి. మగ గుత్తికి గెల రాదు. ఈ మేలో నీరు తప్పితే గెలల సంఖ్య పడిపోయేది రెండేళ్ల తర్వాత. అప్పటికి రైతు ఆ మే నెలను మరచిపోయి, ఎరువునో మొక్కనో తప్పుపడతాడు.

మొక్క విషయమూ ఇంతే. సాగుకు ఇచ్చేది టెనెరా అనే సంకరం. మందపాటి టెంక ఉండే డ్యూరా ఆడది, టెంక లేని పిసిఫెరా మగది. వాటి సంతానంలో టెంక పలచగా, నూనె ఉండే గుజ్జు ఎక్కువగా ఉంటుంది. సంకరం సరిగా జరగని మొక్క కలిస్తే అది డ్యూరాగా మిగిలి నూనె తక్కువ ఇస్తుంది, లేదా పిసిఫెరా అయి చాలాసార్లు గెలే నిలవదు. ఆ సంగతి తెలిసేది నాలుగో ఏట. వరిలో నకిలీ విత్తనం మూడు నెలల్లో దొరికిపోతుంది, మరుసటి కారుకి మార్చుకోవచ్చు.

పూత సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. వరి తనంతట తానే పరాగసంపర్కం చేసుకుంటుంది. ఆయిల్‌పామ్‌లో ఆ పని ఎక్కువగా చేసేది ఒక ముక్కు పురుగు. మగ పూగుత్తి దగ్గర ముక్కు పెడితే సోంపు వాసన వస్తుంది. ఆ వాసనకే పురుగులు గుంపులుగా మూగి, పుప్పొడి పూసుకుని ఆడ గుత్తి మీదికి పోతాయి. ఇవి మన దేశపు పురుగులు కావు, ఆఫ్రికావి. 1985లో తెచ్చి వదిలాక మనుషులు చేత్తో పుప్పొడి చల్లే పని తప్పింది. పూత మీద విచ్చలవిడిగా పురుగుమందు కొట్టే అలవాటు వరి నుంచి ఇక్కడికి తెచ్చుకుంటే, చచ్చేది ఈ కూలి అడగని కూలీలే.

ఎరువు: యూరియా చేయి, పొటాష్ చెట్టు

మూడో ఏడాది నుంచి ఒక్కో చెట్టుకు ఏడాదికి 1,200 గ్రాముల నత్రజని, 600 గ్రాముల భాస్వరం, 1,200 గ్రాముల పొటాష్ సిఫారసు. వాడుక లెక్కలో చెప్పాలంటే చెట్టుకు 2.6 కిలోల యూరియా, 3.75 కిలోల సింగిల్ సూపర్, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. వీటిని మూడు నాలుగు దఫాలుగా, మొదలుకు ఆనించకుండా, పాదు అంచున వేసి మట్టి కప్పుతారు. దీనికి తోడు చెట్టుకు 500 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు, 100 గ్రాముల బోరాక్స్.

ఎకరాకు చూస్తే పొటాష్ పోషకమే 68 కిలోలు. వరిలో ఒక పంటకు వేసేది 16–20 కిలోల దగ్గర. తేడా రావడం సహజం. వరి గడ్డి చాలా భాగం పొలంలోనే ఉంటే అందులోని పొటాష్ మళ్లీ మట్టికే చేరుతుంది. గెల మాత్రం టన్నుల కొద్దీ తోట దాటి పోతుంది, దానితో పాటే పొటాషూ పోతుంది. వరి అలవాటుతో యూరియా, డీఏపీ బాగా వేసి పొటాష్ దగ్గర చేయి బిగించిన తోటల్లో చెట్టు పచ్చగానే ఉంటుంది, గెల మాత్రం బరువు తూగదు. కింది మట్టలు నారింజ రంగుకు తిరిగితే అది మెగ్నీషియం లోపం. దాన్ని తెగులనుకుని మందు కొట్టడం మామూలు పొరపాటు.

కోశాక ఎంతసేపు ఆగుతుంది?

వడ్లకు ఓపిక ఎక్కువ. తేమ 17 శాతానికి దిగేదాకా కల్లంలో ఆరబెట్టి, ధర లేకపోతే బస్తాల్లో నెలల తరబడి పెట్టుకోవచ్చు. వాన భయం, ఎలుకల బెడద ఉన్నా నిర్ణయం రైతు చేతిలో ఉంటుంది.

గెలకు ఆ ఓపిక లేదు. నల్లగా ఉన్న కాయలు నారింజ ఎరుపుకు తిరిగి, ఒక్కో గెల నుంచి ఐదు పది పళ్లు వాటంతటవే రాలితే కోతకొచ్చినట్టు. పొట్టి చెట్టుకు ఉలి, పొడుగు చెట్టుకు పొడవాటి గొట్టానికి బిగించిన కొడవలి వాడతారు. కోసిన మరుక్షణం నుంచి పండులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. పండుకు దెబ్బ తగిలితే ఇంకా వేగంగా. నూనెలో పులుపు పెరిగి నాణ్యత పడిపోతుంది. అందుకే 24 గంటల్లో గెల ఫ్యాక్టరీకి చేరాలి. అక్కడ మొదట చేసే పనే గెలను ఆవిరిలో ఉడికించి ఆ ఎంజైమును చంపడం.

వింతేమిటంటే వరిలోనూ ఇదే ఎంజైము ఉంది. మిల్లులో పొట్టు తీసి బియ్యం పాలిష్ పట్టగానే తవుడులోని నూనె మీద లైపేజ్ పని మొదలుపెడుతుంది. తవుడు నూనె తీసే ఫ్యాక్టరీలు తాజా తవుడు కోసం తొందరపడేది ఇందుకే. ధాన్యం లోపల ఎంజైమూ నూనే వేరువేరు పొరల్లో ఉంటాయి కాబట్టి వడ్లు నిలవ ఉంటాయి. పామ్ పండులో ఆ గోడ ఒక్క దెబ్బకే చిట్లుతుంది.

వరి నుంచి నూనె ఎంత వస్తుందో చూస్తే పోలిక ఇంకా తేటపడుతుంది. ఎకరం రెండు కార్లలో 5 టన్నుల వడ్లు పండితే తవుడు 8 శాతం చొప్పున 400 కిలోలు. అందులో నూనె 16–20 శాతం, అంటే 64–80 కిలోలు. ఎకరం ఆయిల్‌పామ్ 8 టన్నుల గెలలిచ్చి 19 శాతం నూనె దిగితే 1,520 కిలోలు. కానీ వరి అంతకు మించి మూడు టన్నుల పైగా బియ్యం, పశువులకు గడ్డి, బాయిలర్లకు ఊక ఇస్తుంది. పామ్ నుంచి గుజ్జు నూనె, గింజ నూనె వస్తాయి. మొదటిది వంటకూ వనస్పతికీ బిస్కెట్లకూ, రెండోది ఎక్కువగా సబ్బులకు. తోట ఇంటి పళ్లెంలోకి అన్నం పెట్టదు, కొట్టంలోకి గడ్డి వేయదు. పాడి ఉన్న ఇంట్లో ఈ ఖర్చు లెక్కలోకి రాకుండా తప్పించుకుంటుంది.

ధర ఎవరు చెబుతారు?

వడ్లకు కనీస మద్దతు ధర ఉంది. 2025–26కు సాధారణ రకం క్వింటాలు రూ. 2,369, ఏ గ్రేడు రూ. 2,389. తెలంగాణలో సన్న రకం వడ్లకు క్వింటాలుకు రూ. 500 బోనస్ అదనం. తేమ పేరుతో కోత, తరుగు, కొనుగోలు కేంద్రంలో రోజుల తరబడి పడిగాపులు ఎవరికీ తెలియనివి కావు. అయినా సీజను మొదట్లోనే ధర తెలుస్తుంది.

గెల ధర నెల నెలా మారుతుంది. ముడి పామాయిల్ ధర, గెల బరువులో ఎంత శాతం నూనె దిగుతుందన్న లెక్క, ఈ రెండూ కలిసి దాన్ని తేలుస్తాయి. నూనె శాతం ఎందుకంత గొడవో చూద్దాం. ఒక్క శాతం అంటే టన్నుకు 10 కిలోల నూనె. నూనె కిలో రూ. 100 అనుకుని రైతు వాటా నాలుగింట మూడొంతులు వేసుకుంటే టన్నుకు రూ. 750. ఎకరాకు 8 టన్నులైతే ఏడాదికి రూ. 6,000. తెలంగాణలో లెక్కించే శాతమే తమకూ ఇవ్వాలని ఆంధ్ర రైతులు పట్టుబట్టింది ఇందుకే.

ముడి నూనె ధర ఇండోనేషియా, మలేషియాల్లో, ఢిల్లీలో తేలుతుంది. 2022 వేసవిలో ఇండోనేషియా ఎగుమతులు ఆపినప్పుడు టన్ను గెల రూ. 20 వేలు దాటింది, మరుసటి ఏడాది 12–13 వేలకు దిగింది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచితే గెల ధర మళ్లీ ఎగిసింది. 2025 మే చివర్లో ఆ సుంకాన్ని 10 శాతానికి తగ్గించారు. ధర మరీ పడితే ఆదుకోవడానికి కేంద్రం వయబిలిటీ ధర పెట్టింది. ఐదేళ్ల సగటు ముడి నూనె ధరను ద్రవ్యోల్బణంతో సవరించి అందులో 14.3 శాతం. సగటు టన్ను రూ. 90,000 అయితే గెలకు రూ. 12,870 వస్తుంది.

అమ్మే చోటూ ఒకటే. 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో ఫ్యాక్టరీకి కేటాయిస్తారు. రైతు అక్కడే అమ్మాలి, ఫ్యాక్టరీ కొనే తీరాలి. గుత్తాధిపత్యమని ఒకరంటారు. 24 గంటల్లో పాడయ్యే సరుకుకు కొనుగోలుదారు ఖాయంగా ఉండటమే రక్షణ అని ఇంకొకరంటారు. ఫ్యాక్టరీ 20 కిలోమీటర్లలో ఉన్న రైతుకు రెండో మాట ఒప్పుగా కనిపిస్తుంది. వంద కిలోమీటర్ల దూరంలో తోట పెట్టి ఫ్యాక్టరీ కోసం ఎదురుచూస్తున్నవాడికి మొదటిదే నిజం.

నాలుగేళ్ల గుంత పూడేదెప్పుడు?

రెండు కార్లలో 50 క్వింటాళ్ల వడ్లకు 2025–26 సాధారణ రకం మద్దతు ధరన రూ. 1,18,450 వస్తుంది. 8 టన్నుల గెలలకు టన్ను రూ. 12,000 అయితే రూ. 96,000, రూ. 16,000 అయితే రూ. 1,28,000, రూ. 20,000 అయితే రూ. 1,60,000. మధ్య ధరన చూస్తే చేతికొచ్చే మొత్తంలో పెద్ద దూరం లేదు. తేడా ఖర్చులో ఉంది. దమ్ము, నాట్లు, కోత మిషను ఏటా రెండుసార్లు ఉండవు. తోటలో ముఖ్యమైన కూలి పది పదిహేను రోజులకోసారి గెలల కోత.

వరి మీద ఖర్చులు పోను ఏడాదికి రూ. 50,000, కాపుకొచ్చిన తోట మీద రూ. 90,000 మిగులుతుందనుకుందాం. మొదటి నాలుగేళ్లు వదులుకున్న వరి ఆదాయం రూ. 2 లక్షలు. తోట ఏటా అదనంగా ఇచ్చే రూ. 40,000తో అది పూడటానికి ఐదేళ్లు. అంటే తొమ్మిదో ఏడాది దాటాకే రైతు నిజంగా ముందుంటాడు. మొదటి మూడేళ్లు మొక్కజొన్న, కూరగాయలు, అరటి అంతర పంటగా వేస్తే ఈ కాలం తగ్గుతుంది. అంతర పంట కోసం చెట్టు మట్టలు కట్టేసినా, నరికినా ఈ కాలం మళ్లీ పెరుగుతుంది. నాలుగో ఏట నుంచి కొన్నేళ్లు నీడ కమ్ముకుని ఏ పంటా రాదు. చెట్లు పైకి లేచి వెలుగు పడ్డాక కోకో, మిరియాలు వేయవచ్చు.

ఈ లెక్కంతా భూమి సొంతమైనవాడికే. గోదావరి జిల్లాల్లో సార్వా (వానాకాలం), దాళ్వా (యాసంగి) సేద్యంలో ఎక్కువ భాగం కౌలుదారులది. వాళ్ల ఒప్పందం చాలాచోట్ల నోటిమాట, అదీ ఏడాదికే. గెల కనిపించడానికి నాలుగేళ్లు పట్టే చెట్టును వాళ్లు నాటలేరు. భూయజమాని నాటితే ఆ ఎకరం మూడు దశాబ్దాలు కౌలు సేద్యం నుంచి తప్పుకుంటుంది. ఏడాదికి రెండు సార్లు పని దొరికే నాట్ల కూలీలకు బదులు, పొడుగు గొట్టంతో గెల కోయడం తెలిసిన కొద్దిమంది ముఠాకు ఏడాది పొడవునా పని దొరుకుతుంది.

అడవుల మాట, మీథేన్ మాట

పామాయిల్ అనగానే అడవుల నరికివేత గుర్తొస్తుంది. అది ఇండోనేషియా, మలేషియాల్లో జరిగింది. ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ విషయంలో ఆ భయానికి అర్థముంది. ఏలూరు, ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో తోటలు వస్తున్నది ఎక్కువగా సాగు భూముల్లోనే. నిలవ నీటి వరి మడి మీథేన్ వదులుతుందన్నదీ నిజమే. ఆరబెడుతూ తడిపితే అది బాగా తగ్గుతుంది, పంట మార్చక్కర్లేదు.

చివరికి తోట తీసేయాల్సిన రోజు. వరి వద్దనుకుంటే మరుసటి కారుకి మొక్కజొన్న వేసుకోవచ్చు. ముప్పై ఏళ్ల ఆయిల్‌పామ్‌ను జేసీబీతో కూల్చి, మొదళ్లు పెకలించాలి. కూలిన మానులను తోటలోనే వదిలేస్తే కుళ్లే కలపలో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి, పక్క తోటలోని లేత మొక్కల మొవ్వు తొలుస్తుంది. అందుకే వాటిని ముక్కలుగా కోసి పలచగా పరుస్తారు. గట్లు మళ్లీ పోసి, మడి చదును చేసి, దమ్ములో నీరు నిలిచేలా చేయడానికి ఒకటి రెండు కార్లు పడుతుంది.